ఒక్క లైఫూ పోని రోజు

బిల్లీ మిచెల్ పేరెత్తితే వీడియో గేములు ఆడేవాళ్లు ఇవాళ ముందు మాట్లాడేది టేపుల గురించి, కోర్టు కేసుల గురించి. కొంతమంది తిట్టడంతో మొదలుపెడతారు. ఆ గొడవలో చేరే ఉద్దేశం నాకు లేదు. కాకపోతే ఆ గొడవ కింద ఒక మంచి రోజు పూడిపోయింది. దాని గురించి నాలుగు మాటలు చెప్పుకోకపోతే తప్పనిపిస్తుంది.

ఆ రోజు 1999 జులై 3. అమెరికాలోని న్యూహాంప్‌షైర్ రాష్ట్రం, లకోనియా ఊరు. అక్కడ ఫన్‌స్పాట్ అని పెద్ద వీడియో గేముల హాలు ఉంది. ఫ్లోరిడాలో హోటల్ నడుపుకునే కుటుంబం నుంచి వచ్చిన మిచెల్‌కి అప్పటికి ముప్పై మూడేళ్లు. పొడుగు జుట్టు, గడ్డం. గేమ్ ఆడటానికి కూడా టై కట్టుకుని వచ్చే మనిషి. పాత ప్యాక్‌మ్యాన్ మెషీన్ ముందు నిలబడి జాయ్‌స్టిక్ పట్టుకున్నాడు. సుమారు ఆరు గంటల తర్వాత చేయి తీశాడు. అప్పుడు స్క్రీన్ మీదున్న అంకె 33,33,360.

ఆ ఆటలో అంతకు మించిన అంకె లేదు. క్రికెట్లో నాలుగొందలు కొట్టినవాడి మీద నాలుగొందల ఒకటి కొట్టేవాడు ఎప్పుడో ఒకప్పుడు రావచ్చు. ఇక్కడ ఆ దారి మూసుకుపోయింది. మెషీన్ ఇవ్వగలిగిన ప్రతి పాయింటూ ఇచ్చేసింది.

ప్యాక్‌మ్యాన్ 1980 నాటి ఆట. జపాన్‌లో నామ్‌కో కంపెనీకి తోరు ఇవాతాని రూపొందించాడు. తొంభైల్లో మన ఇళ్లలో టీవీకి తగిలించిన గేముల డబ్బాల్లోనూ ఇది ఉండేది. క్యాసెట్ మూతి ఉఫ్ మని ఊది పెట్టిన తరానికి ఆ పసుపుపచ్చ నోరు, ఆ నాలుగు దయ్యాలు కొత్త కాదు. నీలం గీతల సందుల్లో 240 చిన్న చుక్కలు, నాలుగు పెద్ద చుక్కలు ఉంటాయి. చిన్న చుక్కకు పది పాయింట్లు, పెద్దదానికి యాభై. పెద్ద చుక్క మింగగానే దయ్యాలు నీలిరంగుకు తిరిగి బెదిరిపోతాయి. ఆ కాస్త వ్యవధిలో వాటినే తరిమి తినాలి. మొదటిదానికి 200, రెండోదానికి 400, మూడోదానికి 800, నాలుగోదానికి 1600. లెవెల్‌కి రెండుసార్లు మధ్యలో ఒక పండో మరేదో బొమ్మో కనిపించి పోతుంది. అదీ తినాలి.

మామూలుగా ఆడేవాడికి ఇవన్నీ దొరికినప్పుడు దొరికే లాభాలు. పూర్తి స్కోరు కావాలనుకున్నవాడికి మాత్రం ఒక్కటి తప్పినా ఆట అక్కడితో సరి. దయ్యాలు నీలిరంగుకు తిరిగే లెవెళ్లన్నింటిలో ప్రతి పెద్ద చుక్కకూ అవి నాలుగూ కడుపులో పడాలి. ఏ పండూ వదలకూడదు. 255 లెవెళ్లు ఒక్క లైఫ్ పోకుండా దాటాలి.

దయ్యాల గుణాలు తెలిస్తే ఈ పని ఎంత కర్కశమో అర్థమవుతుంది. ఎర్రది, బ్లింకీ, నేరుగా వెంటపడుతుంది. గులాబీ రంగు పింకీ మనం పోబోయే చోటికి నాలుగడుగులు ముందుగా గురిపెడుతుంది. ఇంకీ అనే లేత నీలం దయ్యం మనల్నీ, బ్లింకీనీ రెండింటినీ చూసుకుని దారి ఎంచుకుంటుంది. నారింజ రంగు క్లైడ్ మీదికొచ్చినట్టే వచ్చి, దగ్గరపడగానే తన మూలకు జారుకుంటుంది. వీటిలో ఏదీ తోచినట్టు తిరగదు. మనం ఇవాళ ఏ మలుపులో ఎప్పుడు తిరిగామో రేపూ సరిగ్గా అలాగే తిరిగితే, అవీ నిన్నటిలాగే వస్తాయి. కాబట్టి ఈ ఆటలో చచ్చినవాడు అదృష్టాన్ని తిట్టుకోవడానికి లేదు. తప్పు తన చేతిదే.

లెవెళ్లు పెరిగేకొద్దీ దయ్యాలు నీలంగా ఉండే వ్యవధి తరిగిపోతుంది. పంతొమ్మిదో లెవెల్ నుంచి అవి అసలు రంగే మారవు. ఇరవై ఒకటో లెవెల్ నుంచి ప్యాక్‌మ్యాన్ నడక కూడా కాస్త మందగిస్తుంది. ఇక అక్కడి నుంచి ఆట మారదు. 21 నుంచి 255 వరకు, అంటే 235 సార్లు, అదే మేజ్, అదే వేగం, అవే 12,600 పాయింట్లు. మొదటి గంటలో కావలసింది నేర్పు. తర్వాతి గంటల్లో ఆ నేర్పు ఎవరికైనా ఉంటుంది. కావలసింది విసుగు పుట్టకపోవడం. రెండువందల పదో లెవెల్లో, కాళ్లు లాగుతుండగా, వెనక ఎవరో దగ్గితే ఒక క్షణం చూపు చెదరకుండా ఉండటం. నన్నడిగితే ఆ ఆరు గంటల్లో అసలు ఘనత అక్కడుంది. నీలం దయ్యాల వేట చూడటానికి బాగుంటుంది అంతే.

ఇక 256వ లెవెల్. ఈ కథలో నన్ను బాగా కదిలించేది అదే.

లెవెల్ ఎంతో మెషీన్ ఒక్క బైట్‌లో రాసుకుంటుంది. దానికి 255 దాటి లెక్కపెట్టడం రాదు. 256 వచ్చేసరికి స్క్రీన్ అడుగున పండ్ల బొమ్మలు గీసే లెక్క తలకిందులై, కుడివైపు సగం తెర అక్షరాలతో, అంకెలతో, రంగు ముక్కలతో నిండిపోతుంది. ఎడమ సగం మాత్రం ఎప్పటిలాగే ఉంటుంది. లెవెల్ పూర్తవడానికి కావలసినన్ని చుక్కలు ఇక అక్కడ లేవు. ఎంతటివాడైనా ఆగిపోవాల్సిన గోడ అది. అయితే ఆ కుడివైపు చెత్తలో తొమ్మిది చుక్కలు దాగి ఉంటాయి. తింటే తొంభై పాయింట్లు. ఎడమవైపు చుక్కలు ఒకసారి తింటే పోయినట్టే. ఈ తొమ్మిది మాత్రం లైఫ్ పోయినప్పుడల్లా మళ్లీ మొలుస్తాయి.

అంటే ఏం చేయాలి? ఆరు గంటలపాటు కంటికి రెప్పలా కాపాడుకున్న లైఫులన్నింటినీ, మొదలిచ్చిన ఐదూ, పదివేల దగ్గర బహుమతిగా వచ్చిన ఒకటీ, తానే ఒక్కొక్కటిగా దయ్యాల నోట్లో పెట్టాలి. వెళ్లు, తొమ్మిది చుక్కలు తిను, చచ్చిపో. మళ్లీ వెళ్లు. భీష్ముడి ఇచ్ఛామరణం లాంటిదన్నమాట. చావకుండా అంత దూరం వచ్చినవాడికే ఇలా చచ్చే హక్కు దక్కుతుంది. మధ్యలో ఎక్కడో ఒక లైఫ్ పోగొట్టుకున్నవాడికి చివర్లో తొంభై పాయింట్లు తక్కువ పడతాయి. కెనడాకు చెందిన రిక్ ఫాదర్‌గిల్ అనే ఆటగాడు ఆ ఏడాదే 33,33,270 దగ్గర ఆగాడు. తేడా సరిగ్గా తొంభై. తర్వాత ఆయన కూడా పూర్తి స్కోరు కొట్టాడు. అప్పటికి మిచెల్ కొట్టి కొన్ని వారాలయింది. రెండోవాడి పేరు ఎవరికి గుర్తుంటుంది?

మిచెల్ పేరు మాత్రం మోగిపోయింది. ఆ సెప్టెంబరులో టోక్యో గేమ్ షోకి పిలిచి, నామ్‌కో వ్యవస్థాపకుడు మసాయా నకమురా స్వయంగా ఆయన్ని ఈ శతాబ్దపు వీడియో గేమ్ ఆటగాడని సత్కరించాడు. ఆటను పుట్టించిన ఇంట్లో, ఆ ఇంటిపెద్ద చేతులమీదుగా. ఆడేవాడికి ఇంతకన్నా ఏం కావాలి?

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగినదానికి అర్థం ఉండదు. 1982లో ఐయోవా రాష్ట్రం అటమ్వా అనే చిన్న ఊళ్లో వాల్టర్ డే అనే ఆయన ట్విన్ గెలాక్సీస్ పేరుతో ఒక గేముల పార్లర్ నడిపేవాడు. దేశంలో ఎవరు ఏ గేమ్‌లో ఎంత స్కోరు కొట్టారో పుస్తకంలో రాసిపెట్టడం ఆయనకు పిచ్చి. ఆ పుస్తకమే మెల్లగా అందరూ ఒప్పుకునే పట్టిక అయింది. లైఫ్ పత్రిక వాళ్లు ఆటగాళ్లను ఆ ఊరికి రప్పించి, మెషీన్లను వీధిలో వరసగా నిలబెట్టి ఫొటో తీశారు. వాళ్లలో ఒకతను డాంకీ కాంగ్ అనే గేమ్‌లో తనకు పది లక్షలు దాటిన స్కోరుందని చెప్పుకునేవాడు. పదిహేడేళ్ల మిచెల్ నమ్మలేదు. చెప్పడం కాదు, నా ఎదుట ఆడు అన్నాడు. ఆడితే బండారం బయటపడింది. తన స్కోరు అబద్ధమని ఆ మనిషే తర్వాత కెమెరా ముందు ఒప్పుకున్నాడు. మిచెల్ అందరి ఎదుటా కొట్టిన 8,74,300 స్కోరు ఏళ్ల తరబడి ఆ గేమ్‌లో రికార్డుగా నిలిచింది.

అదీ ఆయన మొదలు. నా ఎదుట ఆడు అన్న ఒక్క మాటతో వచ్చిన పేరు. 1999లో ప్యాక్‌మ్యాన్ కూడా అదే తీరు: జనం తిరిగే హాలు, చుట్టూ కళ్లు.

తర్వాత వచ్చిన కథ చాలామందికి సినిమాగా తెలుసు. వాషింగ్టన్ రాష్ట్రంలో స్టీవ్ వీబీ అనే ఆయన, ఉద్యోగం పోయాక, ఇంటి గ్యారేజీలో డాంకీ కాంగ్ మెషీన్ పెట్టుకుని ఆడుతూ 10,06,600 కొట్టి టేపు పంపాడు. ఆ మెషీన్‌లోని బోర్డు ఎక్కణ్నుంచి వచ్చిందన్న దగ్గర అనుమానాలు లేచి ఆ స్కోరు చెల్లలేదు. బయటికొచ్చి జనం ముందు ఆడమన్నారు. వచ్చాడు. 2005లో అదే ఫన్‌స్పాట్‌లో అందరూ చూస్తుండగా 9,85,600 కొట్టాడు. అప్పుడు ఊళ్లో లేని మిచెల్ దగ్గర్నుంచి ఒక టేపు వచ్చింది. అందులో స్కోరు 10,47,200. టేపును చూశారు, ఒప్పుకున్నారు.

సేథ్ గోర్డన్ తీసిన ‘ది కింగ్ ఆఫ్ కాంగ్’ అనే ఆ డాక్యుమెంటరీ 2007లో విడుదలైంది. గ్యారేజీలో ఆడిన మనిషి హీరో అయ్యాడు, టై కట్టుకున్న పెద్దమనిషి విలన్ అయ్యాడు. సినిమా అన్నాక కొంత కోత, కొంత కూర్పు ఉంటాయి. మిచెల్‌కి అందులో పూర్తి న్యాయం జరిగిందని నేననుకోను. కానీ ఆ టేపు వచ్చిన ఘట్టాన్ని మాత్రం ఏ కూర్పూ పుట్టించలేదు. నా ఎదుట ఆడు అన్న కుర్రాడు నలభైకి దగ్గరపడి, ఎదుటికి రాకుండా టేపు పంపాడు. పతనం ఎక్కడ మొదలైందంటే నేను అక్కడే వేలు పెడతాను, ఆ టేపులో ఏముందన్న దానితో పని లేకుండానే.

ఆ టేపు పదమూడేళ్లు నిద్రపోయింది. 2018 ఫిబ్రవరిలో డాంకీ కాంగ్ ఆటగాడు జెరెమీ యంగ్ దాన్ని ఫ్రేము ఫ్రేముగా విడదీసి చూశాడు. ఆయన పట్టుకున్నది స్కోరులో తేడా కాదు, ఆడిన తీరులో తప్పు కాదు. ఒక లెవెల్ అయిపోయి ఇంకోటి మొదలయ్యేటప్పుడు స్క్రీన్ మీద ఇనుప దూలాలు గీసుకుంటూ వస్తాయి. అసలు మెషీన్ బోర్డు ఒక వరసలో గీస్తుంది. అదే ఆటను కంప్యూటర్లో నడిపించే మేమ్ అనే ఎమ్యులేటర్ ఇంకో వరసలో గీస్తుంది. రెంటికీ తేడా కనపడేది రెప్పపాటు కాలమే. గంటల పొడుగు ఆటలో ఒక దూలం చివర వేలెడు ముక్క ముందు పడిందా వెనక పడిందా అన్నదాని మీద ఒక మనిషి ముప్పై ఆరేళ్ల పేరు ఆగింది.

ఎమ్యులేటర్‌తో అంత భయం ఎందుకంటే, అందులో ఆటను మధ్యలో ఆపి దాచుకోవచ్చు, కావలసిన చోటి నుంచి మళ్లీ ఆడి అతికించవచ్చు. చచ్చిన చోట వెనక్కి వెళ్లి చావకుండా రావచ్చు. మిచెల్ అలా చేశాడని ఎవరూ చూడలేదు. ఆయన ఎప్పుడూ ఒప్పుకోలేదు కూడా. అసలు మెషీన్ మీదే ఆడానన్నాడు.

2018 ఏప్రిల్ 12న ట్విన్ గెలాక్సీస్ తీర్పు చెప్పింది. 10,47,200 టేపు, 2007లో ఒక తనఖా వ్యాపారుల సమావేశంలో ఆడిన 10,50,200 టేపు, ఈ రెండూ మార్పులు చేయని అసలు డాంకీ కాంగ్ బోర్డు నుంచి వచ్చినవి కావు అన్నది దాని సారాంశం. కచ్చితంగా మేమేనని మాత్రం తేల్చలేదు. శిక్ష ఏమిటంటే ఆ స్కోర్లే కాదు, మిచెల్ పేరు మీదున్న స్కోర్లన్నీ కొట్టివేత; ఇక ముందు పంపడానికీ వీల్లేదు. గిన్నిస్ కూడా అదే బాట పట్టింది.

అన్నీ అంటే ప్యాక్‌మ్యాన్ కూడా.

ఆ తీర్పు మొత్తం నిలబడింది డాంకీ కాంగ్ టేపుల మీద. 1999 జులై 3న ఏం జరిగిందన్నది ఆ విచారణలో ప్రశ్నే కాదు. అయినా పంతొమ్మిదేళ్ల తర్వాత, ఒక్క లైఫూ పోని ఆ ఆట మిగతావాటితోపాటు పట్టికలోంచి పోయింది. ఇదొక్కటీ నాకు మింగుడుపడదు. దొంగ అన్న అనుమానం ఒక పద్దు మీద వస్తే ఖాతాపుస్తకం మొత్తం తగలబెట్టడం ఏం న్యాయం? నమ్మకం పోయాక ఏదీ నమ్మలేమన్నది వాళ్ల వాదన. కాదనలేను. కానీ ప్యాక్‌మ్యాన్ స్కోరు నిలబడింది ఆయన మాట మీద కాదు గదా, చూసినవాళ్ల కళ్ల మీద. ఆ కళ్లు ఎవరివీ తప్పని ఎవరూ తేల్చలేదు.

ఆ తర్వాతదంతా కాగితాల యుద్ధం. 2019లో మిచెల్ ట్విన్ గెలాక్సీస్ మీద పరువు నష్టం దావా వేశాడు. సంస్థ తిరిగి కేసు పెట్టింది. 2020 జూన్‌లో గిన్నిస్ వెనక్కి తగ్గి, అప్పటి సాక్షుల మాటల్ని కూడా లెక్కలోకి తీసుకుని, ప్యాక్‌మ్యాన్ మొదటి పూర్తి స్కోరుతో సహా ఆయన రికార్డులు తిరిగి ఇచ్చింది. 2024 జనవరిలో ట్విన్ గెలాక్సీస్‌తో రాజీ కుదిరింది. టేపులో కనిపించిన వింతలు పాతబడిన మెషీన్ లోపం వల్ల కూడా రావచ్చన్న మైకేల్ జైడా అనే ప్రొఫెసర్ అభిప్రాయాన్ని ఆ సంస్థ ప్రస్తావించి, స్కోర్లన్నింటినీ తన చారిత్రక జాబితాలో మళ్లీ చేర్చింది. చారిత్రక జాబితా అంటే పాత రికార్డుల గది. ఇప్పుడు ఆడుతున్నవాళ్ల పట్టిక వేరు. 2025లో ఆస్ట్రేలియాలో ఒక యూట్యూబర్ మీద వేసిన పరువు నష్టం దావాలో కూడా మిచెలే గెలిచాడు. ఆ కేసు ఆటలో మోసం జరిగిందా లేదా అన్నదాని మీద కాదు. ఇంకో యూట్యూబర్ మరణం విషయంలో మిచెల్ గురించి అన్న మాటల మీద.

లెక్కకు చూస్తే గిన్నిస్ దగ్గర గెలిచాడు, రాజీలో కొంత దక్కించుకున్నాడు, కోర్టులో గెలిచాడు. ఆటగాళ్ల మధ్య మాత్రం ఏమీ మారలేదు. నమ్మేవాళ్లు ముందే నమ్మారు. నమ్మనివాళ్లకు రాజీపత్రం చూపించి ప్రయోజనం లేదు. ఆ టేపుల విషయం నన్ను తేల్చమంటే నేనూ తేల్చలేను. యంగ్ చూపించిన ఫ్రేములు బలమైనవే, జైడా చెప్పిన కారణం జరగరానిదేమీ కాదు. మిచెల్ ఆ రోజు టేపు బదులు తానే ఫన్‌స్పాట్‌కి వచ్చి ఉంటే ఇద్దరికీ పని ఉండేది కాదు.

ప్యాక్‌మ్యాన్‌లో ఆయన స్కోరును ఎవరూ దాటలేరు గనక, తర్వాతివాళ్లు గడియారంతో పోటీ పడ్డారు. డేవిడ్ రేస్ అనే ఆటగాడు 2013లో అదే 33,33,360ని మూడు గంటల ఇరవై ఎనిమిది నిమిషాల నలభై తొమ్మిది సెకన్లలో కొట్టాడు.

డాంకీ కాంగ్ సంగతి ఇంకా విచిత్రం. ప్యాక్‌మ్యాన్ లాగే దానికీ ఒక గోడ ఉంది. ఇరవై రెండో లెవెల్లో టైమర్ లెక్క తప్పి, పైకి చేరకముందే గడువు ముగిసి, ఆటగాడు ఏం చేసినా కొన్ని సెకన్లలో చచ్చిపోతాడు. 2016 మేలో వెస్ కోప్‌లాండ్ అనే కుర్రాడు ఆ గోడ దాకా ఒక్క లైఫ్ పోకుండా వచ్చాడు. దాచుకున్న లైఫులన్నీ చివర్లో పాయింట్ల కోసం తానే ఖర్చుపెట్టి 12,18,000 దగ్గర ఆపాడు. ఎవరైనా చూడగలిగేలా ఆ ఆటంతా లైవ్‌లో నడిచింది. యంగ్ టేపు తెరిచి దూలాలు లెక్కపెట్టేసరికి అది జరిగి దాదాపు రెండేళ్లు. మిచెల్ పరువు పణంగా పెట్టి పోట్లాడిన ఆ పది లక్షల నలభై ఏడు వేలు అప్పటికే ఎవరూ పోటీ పడని స్కోరు.